నీలం ముట్టని నెల

మనిషి నెత్తురును గడ్డకట్టించే కణాలను ఇప్పుడు గాజుసీసాల్లో పండిస్తున్నారంట. పేపర్లో చదివినాను. నేను అక్షరాలు నేర్చుకునింది నలభై దగ్గర పడినాక. అందుకని పేపర్లో ఏ ముక్కనూ ఊరికే వదలను, రెండుసార్లయినా చదువుతాను. ఈ ముక్కను నాలుగుసార్లు చదివినాను. చదివి, గడప దగ్గర చేట పెట్టుకొని బియ్యం ఏరుతున్న మా ఆమె చేతుల పక్క చూసినాను.

"ఏం అట్ల సూస్తాండావు?" అనింది.

"ఏం లేదు."

ఏం లేదు అన్నాను గానీ ఉండేది చాలా ఉంది. అది చెప్పల్లంటే ఎమ్మిగనూరులో మా వీధి కాడి నుంచి మొదలుపెట్టల్ల.

ఆ కాలంలో మా వీధిలో ఏ ఇంటి ముందు నిలబడినా మగ్గం చప్పుడే. తెల్లారుతూనే వీధి పొడుగునా పడుగు, అంటే చీర నిలువు పోగులన్నీ, చాపి గంజి పెట్టేవాళ్లం. పడుగు చాపినామంటే సైకిలు మీద వచ్చేవాడు కూడా దిగి, గోడవారగా నడిపించుకుంటా పోవల్సిందే. ఎవరి పడుగు అనే లెక్క లేదు. చుట్టుపక్కల ఇండ్లవాళ్లు వచ్చి ఒక చేయి వేసేవాళ్లు. ఒకరు కుంచె పడితే ఒకరు తెగిన పోగులు అతికేవాళ్లు. గంజి ఆరే లోపల వీధిలో జరిగిన పెండ్లిండ్లు, తగాదాలు, ఎవరింట్లో ఏం కూర అనేది, అన్నీ మాటల్లో దొర్లిపోయేవి. ఇప్పటికీ యాడన్నా గంజి కాగిన వాసన వస్తే నాకు ఆ పొద్దుటి ఎండ కనపడతాది.

మా ఇంట్లో ముగ్గురికీ మూడు చోట్లు. నేను గుంతమగ్గంలో, నడుము దాకా గుంతలో. మా అమ్మ గోడవారన రాట్నం ముందు, నూలును కండెలకు చుట్టుకుంటా. మా ఆమెది పెరడు. ఆడ కట్టెల పొయ్యి, దాని మీద నీళ్లు కాగే అండా, పక్కన రంగు తొట్టి. నూలు చిలపలను, ఆ నూలు చుట్టలను, కర్రకు తగిలించి రంగులో ముంచి, తిప్పి, లేపి, మళ్లీ ముంచేది. ఊరికే నానబెడితే మచ్చలు మచ్చలుగా పడతాది రంగు. తిప్పుతానే ఉండల్ల. మా వీధిలో అంత సమంగా రంగు ఎక్కించే చెయ్యి ఇంకొకటి లేదు. ఇది మొగుడు చెప్పే మాట కాదు, నేతగాడు చెప్పే మాట.

ఆమె చేతులు చూస్తే ఆ నెల మేము ఏ రంగు చీరలు నేస్తున్నామో ఊరికంతా తెలిసేది. మోచేతుల దాకా రంగే. కూరగాయలు అమ్మే ఆమె నవ్వేది: "ఏం మ్మే, పోయిన నెల పచ్చంగా పెండ్లికూతురు మాదిరి ఉంటివి, ఈ నెల చిలక మాదిరి అయిపోయినావే!" మా ఆమె ఊరుకునే రకం కాదు. "నువ్వు మాత్రం ఎప్పుడూ వంకాయ రంగేలే అక్కా" అనేది. ఇద్దరూ పడీపడీ నవ్వేవాళ్లు.

ఆమెది ఆదోని. అయిదో తరగతి దాకా చదువుకునింది. నేను ఒక్క అక్షరం ఎరగను. ఆ సంగతి ఆమె ఎప్పుడూ ఎత్తిపొడవలేదు. ఎత్తిపొడిచింది వాళ్ల అన్న.

వాళ్ల అన్న, మా బావ, ఆదోనిలో దూది ప్రెస్సు మిల్లులో బేళ్లు మోసే హమాలీ. పెద్ద మనిషి, గుమ్మంలో వంగి రావల్ల. మేము పెద్దగా సంపాయించేది లేదని చూసి, వచ్చినప్పుడల్లా ఒకటే పాట. "మగ్గం ఇడ్సిపెట్టి మిల్లుకు రా. నడుముదాకా గుంతలో కూర్చుంటావు, సగం పూడ్చిపెట్టిన మనిషి మాదిరి. చదువూ లేదు, ఈడ ఏముందప్పా నీకు?" ఆయన మంచికే అన్నాడు. నాకు అప్పుడు అది మంచిగా వినపడలేదు. వాళ్ల బిడ్డ చెవులు కుట్టిన దినం, బంతిలో పదిమందీ భోంచేస్తుండగా మళ్లీ అదే మాట అన్నాడు. నా నోటికి అడ్డం లేదు. "బేళ్లు మోసే మెడకు నేత ఏం తెలుస్తాది బావా? ఎద్దు కూడా మోస్తాది" అన్నాను.

ఆయన తింటున్న విస్తరి ముందు నుంచి లేచిపోయినాడు. తన ఇంట్లో, తన బిడ్డ పండగ నాడు. అప్పటి నుంచి రెండేండ్లు ఆయన మా గడప తొక్కలేదు, నేను ఆ ఊరి బస్సు ఎక్కలేదు. మా ఆమె ఒక్కతే పోయి వచ్చేది. వచ్చినాక ఏమీ చెప్పేది కాదు. నేనూ అడిగేవాణ్ని కాదు. అడగల్లని ఉండేది.

ఎనభైల్లో మొదటి ఏండ్లు అనుకుంటా. దసరాకు ముందు, సావుకారు అన్నీ కుంకుమ ఎరుపు చీరలే నేయమన్నాడు. నెలంతా ఎరుపే. తొట్టిలో ఎరుపు, పెరట్లో తీగల మీద ఎరుపు, కండెలు ఎరుపు. మా అమ్మ వేళ్లు కూడా ఎర్రగా అయినాయి.

ఆ నెలలో మా ఆమె చేతుల మీద నీలం మచ్చలు కనపడినాయి.

మా కండ్లకు అది రంగు. పుట్టినప్పటి నుంచీ రంగుల మధ్యన బతికిన వాళ్లం, చర్మం మీద రంగు కనపడితే నలత అని ఎవరికి తోస్తాది? ఆమెకూ తోచలేదు. మోచేతి కింద ఒకటి, మణికట్టు దగ్గర ఒకటి. తరవాత కాళ్ల మీద. "రంగు చిందింటాది" అనింది. అన్నం వడ్డిస్తుంటే నేనే విసుక్కున్నాను.

"ఆ రంగుచేతులతోనే వడ్డిస్తావా? సరిగ్గా తోముకోరాదా?"

"తోమితే పోలేదప్పా. నువ్వే తోము రా, మొగోని బలం ఉండాది గదా."

తోమినాను. చెప్పేదానికి ఇప్పటికీ నోరు రాదు. కొబ్బరిపీచు తీసుకొని, బట్టల సోడా వేసి, బావి గట్టు మీద కూర్చోబెట్టి తోమినాను. ఆమె నవ్వుతా ఉంది. "గిన్నె తోమినట్ల తోముతాండావు, తప్పేలా అనుకున్నావా నన్ను?" అంటా ఉంది. పోయేదాకా తోమల్లని నేను పట్టుబట్టినాను. మచ్చ పోలేదు.

మరుసటి పొద్దున చూస్తే ఆ చెయ్యి మోచేతి నుంచి వేళ్ల దాకా నల్లనీలంగా కమిలిపోయింది. దాని చుట్టూ సూదిమొనతో పొడిచినట్ల ఎర్ర చుక్కలు. పండ్లు తోముకొని ఉమ్మితే నెత్తురు. చిగుళ్ల నుంచి కారుతానే ఉంది, ఆగదు. ఆమె కొంగు అడ్డం పెట్టుకొని పెరట్లో తొట్టి పక్కన కూర్చునింది.  

మా అమ్మ రాట్నం ఆపింది. కండె చేతిలోనే పట్టుకొని పెరట్లోకి వచ్చి, కోడలి చెయ్యి పట్టి వెలుగుకు తిప్పి చూసింది. నా పక్క తిరిగి అడిగింది.

"రేయ్, ఈ నీలం యాడిది రా? ఈ నెల మన తొట్టిలో నీలం ముట్టనే లేదు గదా."

నేను తొట్టి చూసినాను. తీగ మీద ఆరేసిన చిలపలు చూసినాను. అన్నీ ఎరుపే. నెల పొడుగునా ఎరుపే. కండ్ల ముందర ఉండేది నాకు కనపడలేదు. ఆమెను లేపి వీధిలోకి నడిపించినాను.

మా వీధి చివర సూదులు వేసే ఆయన ఉండేవాడు. ఆయన చూసి సూది కింద పెట్టినాడు. "నేను గుచ్చితే ఆ తూటు నుంచి కూడా నెత్తురు నిలవదప్పా. ఆదోనికి తీసుకపో, ఆడ నెత్తురు అద్దంలో సూసే డాక్టరు ఉన్నాడు. ఈ పొద్దే పో" అన్నాడు.

రెండేండ్లు ఎక్కని బస్సు ఎక్కినాను. దూది మూటలు పెట్టుకొని రైతులు, పెద్దకడుబూరు పక్కవాళ్లు దారిలో ఎక్కుతా ఉన్నారు. మా ఆమె కిటికీ పక్కన కొంగు మూతికి అడ్డం పెట్టుకొని కూర్చునింది. ఆదోని కొండలు కనపడినప్పుడు కొంగు కొంచెం తీసి, "మా అన్నకు సెప్పొద్దు. నీ ముందర ఆయనకు తలవంపులు వద్దు, ఆయన ముందర నీకూ వద్దు" అనింది. కొంగు ఎర్రగా ఉండింది. అది రంగు కాదు.

డాక్టరు ముసలాయన. మాటలు తక్కువ. చెయ్యి చూసి, కాళ్లు చూసి, నోరు తెరిపించి చూసి, ఈ గీరుకున్న గాయాలు ఏమి అని అడిగినాడు. నేనే తోమినాను అని చెప్పినాను. ఆయన నన్ను తిట్టలేదు. తిట్టింటే బాగుండు.

ఆమె వేలి నుంచి చుక్క, నా వేలి నుంచి చుక్క తీసి రెండు గాజుపలకల మీద పూసినాడు. ఏదో మందు పోసి, కడిగి, ఆరబెట్టినాడు. తరవాత నన్ను పిలిచి, ఆ అద్దంలో ఒక కన్ను పెట్టి చూడమన్నాడు.

"ముందు నీ నెత్తురు చూడు. ఆ గుండ్రటి వాటి నడుమ పొడి మాదిరి చిన్న చిన్న చుక్కలు, వంగపండు రంగువి, కనపడుతున్నాయా?"

కనపడినాయి. తొట్టి అంచున కరగకుండా మిగిలిన రంగుపొడి మాదిరి ఉన్నాయి. నా నోరు ఊరుకోదు. "ఈ రంగు నెత్తురుదా సామీ, మీరు వేసిందా?" అన్నాను.

ఆయన మొదటిసారి నవ్వినాడు. "మేము వేసిందే. లేకుంటే కనపడవు."

"అయితే మీరూ రంగులోళ్లే."

"రంగులోళ్లమే. ఇప్పుడు ఈమెది చూడు."

చూసినాను. గుండ్రటివి ఉన్నాయి. నడుమ ఖాళీ. పలక కొంచెం జరిపినాడు, ఖాళీ. ఇంకొంచెం జరిపినాడు, ఖాళీ. ఎంతో సేపటికి ఒక్కటి కనపడింది, ఓ మూలన.

"నీ మగ్గం మీద పోగు తెగితే ఏం చేస్తావప్పా?"

"అతుకుతాను."

"అతికేవాళ్లు లేకుంటే?"

"గుడ్డ ఉండదు సామీ. ఒకటి తెగితే పక్కది కూడా లాగుతాది."

"మనిషి ఒంట్లో సన్నటి నరాలు దినామూ తెగుతుంటాయి. మనకు తెలీదు. అతికేవి ఈ చుక్కలే. ఈమె ఒంట్లో పుట్టినవాటిని పుట్టినట్లే ఈమె ఒళ్లే తినేస్తాంది. మాత్రలు ఇస్తాను, అవి పని చేస్తే నిలుస్తాయి. అవి పని చేసేదానికి కొన్ని దినాలు పడుతుంది. ఆ దినాలు దాటల్ల."

"ఎట్ల దాటల్ల?"

"మనుషుల నెత్తురు ఎక్కించల్ల. పెట్టెలో చల్లగా దాచినది పనికి రాదు, దాంట్లో ఈ చుక్కలు చచ్చిపోయి ఉంటాయి. అప్పుడే తీసి అప్పుడే ఎక్కించల్ల. అదీ ఒకరిది ఒక పూట. ఎక్కించినవి కూడా ఎక్కువ సేపు నిలవవు. రేపు ఇంకొకరు, ఎల్లుండి ఇంకొకరు కావల్ల. తల్లో ఎక్కడన్నా తెగిందంటే మాత్రం నేను చేసేది ఏమీ లేదు."

నాది తీసుకోమని చెయ్యి చాపినాను. కలిపి చూసినాడు. కలవలేదు. నా నెత్తురు నిండా ఆ చుక్కలు ఉన్నాయి, అద్దంలో నా కంటితో చూసినాను, అయినా ఆమెకు ఒక్కటి కూడా ఇవ్వలేకపోయినాను. మా వీధివాళ్లను పిలుచుకొని వచ్చేదానికి ఎమ్మిగనూరుకు పోయి రావల్ల. అంత పొద్దు లేదు అన్నాడు డాక్టరు. "ఈ ఊర్లో ఎవరూ లేరా మీకు? తోడబుట్టిన వాళ్లు ఉంటే కలిసే అవకాశం ఎక్కువ."

మంచం మీద మా ఆమె కండ్లు మూసుకొని ఉంది. వద్దన్నట్ల చెయ్యి ఆడించింది. నేను ఆమె మాట వినకుండా బయటికి నడిచినాను.

ప్రెస్సు మిల్లు గేటు ముందర ఎంతసేపు నిలబడినానో తెలీదు. శానా సేపు కాదు గానీ అట్ల అనిపించింది. లోపల దూది ఎగురుతా ఉంది, ఎండలో నుసి మాదిరి. బేళ్లు ఎత్తేవాళ్లు ఒకరికొకరు గొంతు కలిపి కేక పెడుతున్నారు. ఒక బేలు ఒకని వీపు మీదికి ఎక్కల్లంటే నలుగురు పట్టల్ల. బావ వంగి, కొక్కెం చేత్తో పట్టుకొని, వీపు మీద బేలుతో నడిచి వస్తున్నాడు. తల నిండా దూది, కనుబొమ్మల మీద కూడా. రెండేండ్లలో నెరిసినాడేమో అనుకున్నాను. దగ్గరికొస్తే తెలిసింది, దూది అని.

నన్ను చూసినాడు.  బేలు దించి, నడుము నిమురుకుంటా, "ఏం, ఎద్దులను సూసిపోదామని వచ్చినావా?" అన్నాడు.

పక్కన ఉన్నవాళ్లు నవ్వినారు. వాళ్లకు ఆ కథ అంతా తెలుసని అర్థమయింది.

నేను బస్సులో ఎన్నో మాటలు కూర్చుకున్నాను, ఎప్పుడన్నా ఆయన ఎదురుపడితే అనేదానికి. అవన్నీ ఇడ్సిపెట్టి, "బావా, నెత్తురు కావాల" అన్నాను.

"ఎవరికి?"

"నీ చెల్లెలికి."

కొక్కెం జారి కింద పడింది. "యాడ ఉండాది?" అన్నాడు. చెప్పినాను. మచ్చలు వచ్చి ఎన్ని దినాలయింది అని అడిగినాడు. అదీ చెప్పినాను. రంగు అనుకున్నామని, నేనే తోమినానని కూడా చెప్పినాను. దాయల్లనిపించలేదు. ఆయన చెయ్యి లేచింది. కొడతాడనుకున్నాను, నిలబడినాను. ఆ చేత్తో మొహం తుడుచుకున్నాడు, దూదీ చెమటా కలిపి.

తరవాత వెనక్కి తిరిగి మిల్లులోకి అరిచినాడు. "రేయ్, మా చెల్లెలికి నెత్తురు కావాలంట. ఎవరు వస్తారు?"

ఎవరూ కదలలేదు. వాళ్లను తప్పు పట్టను. ఒంట్లో సత్తువే వాళ్లకు కూడు. నెత్తురు పోతే బేలు ఎత్తలేమని అందరికీ భయం. ఒకాయన గొణిగినాడు, "నెత్తురు తీస్తే మళ్లీ ఊరదంట గదన్నా."

"నాకూ భయమే" అన్నాడు బావ. "సూది అంటే మీ అందరికంటే నాకు ఎక్కువ భయం. కానీ ఇది కూడా బేలే రా. నేనొక్కణ్నే ఎత్తలేను. ఒక చెయ్యి వెయ్యండి."

మేస్త్రి అడ్డం వచ్చినాడు, లారీ నిలబడి ఉందని. బావ ఆయన పక్క చూసిన చూపుకు పక్కకు జరిగినాడు. బావ వెనక ఆరుగురు నడిచినారు. ఆదోని బజారులో ఏడుమంది హమాలీలు తలల మీద దూదితో వరసగా నడుస్తుంటే అంగళ్లవాళ్లు బయటికి వచ్చి చూసినారు. యాడికి పోతాండారని అడిగినవానికి ఒకడు, "దానం చేసేకి" అని చెప్పినాడు. దానం చేసే మొహాలా అవి అని అంగడాయన నవ్వినాడు.

ఆసుపత్రి గుమ్మంలో నర్సమ్మ ఆపింది. "తలలు దులుపుకోండప్పా! ఇది ఆసుపత్రా, పరుపుల అంగడా?" వరండాలో నిలబడి అందరూ తలలు విదిలించినారు. గది లోపలికి కూడా కొంత దూది ఎగిరొచ్చింది.

ఏడుమందిలో కలిసింది ముగ్గురిది. బావది మొదట. పక్క మంచం మీద పడుకోబెట్టినారు. అంత మనిషి, మంచం ఆయనకు చాలలేదు. సూది చూస్తూనే కండ్లు గట్టిగా మూసుకున్నాడు. నేను ఆయన కాళ్ల దగ్గర నిలబడి ఉన్నాను. అప్పుడు కాకుంటే ఇంకెప్పుడూ అనలేనని తోచింది.

"బావా, ఆ దినం బంతిలో నేను అన్న మాట తప్పు."

"నెత్తురు తీసేటప్పుడు మాట్లాడిచ్చొద్దప్పా" అన్నాడు కండ్లు తెరవకుండానే. "అసలే సూదికి పాణం పోతాంది."

పిడికిలి ముడిచి తెరుస్తా, "నేనన్నదీ తప్పే" అన్నాడు. "పూడ్చినట్ల అనేది."

సీసా నిండింది. వెచ్చగా ఉండిందది. నర్సమ్మ నా చేతికి ఒక్క నిముసం ఇచ్చింది, తాను కట్టు కట్టేలోపల పట్టుకోమని. ఇన్ని రంగులు చూసినాను, అట్లాంటి ఎరుపు మా తొట్టిలో ఎప్పుడూ రాలేదు. దాన్ని అట్లే తీసుకపోయి ఆమె చేతికి ఎక్కించినారు. ఏ చేతినైతే నేను తోమినానో ఆ చెయ్యి కాదు, రెండోది.

మరుసటి దినం ఇంకొకాయన వచ్చినాడు, మిల్లులో కూడు తినే పొద్దులో. ఆ మరుసటి దినం మూడో ఆయన. ఆయన నెత్తురు మళ్లీ ఊరదని గొణిగినాయనే. ఇచ్చి లేచి నిలబడి, రెండు చేతులూ చాపి చూసుకొని, "ఏం కాలేదే!" అన్నాడు ఆశ్చర్యంగా. డాక్టరు దినామూ ఆమె వేలి నుంచి చుక్క తీసి అద్దంలో చూసేవాడు. నన్నూ పిలిచి చూపించేవాడు. ఎక్కించిన పూట నాలుగు చుక్కలు కనపడేవి, మరుసటికి మళ్లీ ఖాళీ. నాలుగో దినం, ఎవరిదీ ఎక్కించకుండానే, పలక మీద అక్కడొకటి ఇక్కడొకటి కనపడినాయి. డాక్టరు జరుపుతా పోయినాడు. ఇంకా కనపడినాయి.

"ఇవి హమాలీలవి కాదు" అన్నాడు. "ఈమెవే."

ఆ దినమే చిగుళ్ల నెత్తురు నిలిచింది. మా ఆమె మొదట అన్న మాట నాతో కాదు, వాళ్ల అన్నతో. "అన్నా, ఇంక నాలో ముగ్గురు హమాలీల నెత్తురు ఉండాది. ఈ మనిషిని ఎత్తి బేలు మాదిరి పడేస్తా సూడు."

"పడెయ్యి పాపా" అన్నాడు బావ. "గుంతలో పడెయ్యి, ఆడే కదా ఉండేది." నేను కూడా నవ్వినాను. ఆ మాట అప్పుడు ఎందుకు కుట్టలేదో.

ఎమ్మిగనూరుకు తిరిగొచ్చినాక ఆమెను తొట్టి దగ్గరికి పోనియ్యలేదు నేను. కత్తిపీట ముట్టకూడదు, బరువు ఎత్తకూడదు. మాత్రలకు మొహం గుండ్రంగా ఉబ్బింది. కూరగాయలమ్మ చూసి, "ఆసుపత్రిలో ఏం పెట్టినారమ్మా, పూరీ మాదిరి పొంగినావు" అనింది. నాకు కోపం వచ్చింది గానీ మా ఆమె నవ్వింది.

ఆ మాత్రలతోనే తంటా. డాక్టరు చీటీ రాసిచ్చినాడు, ఈ వారం ఇన్ని, వచ్చే వారం కొన్ని తగ్గించి, ఆ పై వారం ఇంకొన్ని తగ్గించి అని. ఆమె నిద్రపోతున్నప్పుడు నేను ఆ చీటీ పట్టుకొని తిప్పి తిప్పి చూసేవాణ్ని. తలకిందులుగా పట్టుకున్నా నాకు తేడా తెలీదు. ఆమె మళ్లీ కండ్లు తెరవలేని స్థితి వస్తే ఈ చీటీ ఎవరు చదవల్ల? ఆ మాట ఒక దినం ఆమెతోనే అన్నాను.

"నువ్వే చదవల్ల" అనింది. "రా, కూర్చో."

"ఈ వయసులోనా?"

"నెత్తురు అద్దంలో సూసి చుక్కలు లెక్కపెట్టినోనివి, అక్షరాలు సూడలేవా?"

మగ్గం ఎదురుగోడ మీద సుద్దముక్కతో దినానికి ఒక అక్షరం రాసేది. మంచం మీద కూర్చొనే రాసేది, అందినంత ఎత్తులో. నేను నాడెను పడుగు నడుమ అటూ ఇటూ ఆడిస్తా దాన్ని చూసేవాణ్ని. మూర గుడ్డ నేసేలోపల అది కంటికి అలవాటయ్యేది. మా అమ్మ నవ్వేది, "మొగునికి పలక పట్టిచ్చినావు, ఇంక బడికి కూడా తోలు" అని. ఆ చలికాలం అంతా మా గోడ మీద సుద్ద గీతలే. నేను మొట్టమొదట తప్పు లేకుండా చదివింది ఆ మాత్రల చీటీనే. అప్పటికి ఆ మాత్రలు ఆపేసినారు కూడా.

బావ నెలకొకసారి వచ్చేవాడు. వంగి గుమ్మం దాటి, ముందు నా గుంత పక్కన కూర్చొని, నేసిన గుడ్డ చేత్తో నిమిరి చూసేవాడు. మళ్లీ ఎప్పుడూ మిల్లుకు రమ్మనలేదు. చూసి చూసి ఒకసారి, "ఈ అంచు బాగుండాది" అన్నాడు. అంతే. ఆయన పోయి ఇప్పటికి శానా ఏండ్లయింది. మిల్లూ లేదు. మా వీధిలో మగ్గాల చప్పుడూ లేదు.

ఒక అలవాటు మాత్రం ఉంది. ఆసుపత్రి నుంచి వచ్చిన మరుసటి పొద్దు నుంచీ, కాఫీ తాగేముందర ఆమె రెండు చేతులూ నా ముందర చాపేది, మచ్చలు ఉన్నాయేమో చూడమని. మొదట్లో భయంతో. తరవాత ఎగతాళికి. ఇప్పుడు ఎందుకో ఇద్దరికీ తెలీదు, చాపుతుంది, చూస్తాను.

పేపర్లో ఏం రాసినారో ఆమెకు చదివి వినిపించినాను. ఎముకల లోపల ఒక పెద్ద తల్లికణం ఉంటుందంట. అది దారాలు మాదిరి పొడుగ్గా చాపుతుందంట. ఆ దారాలు నెత్తురు పారే ఒరిపిడికి తెగి ముక్కలు ముక్కలు అవుతాయంట. ఆ ముక్కలే ఆ చుక్కలు. చదువుతా నేనే ఆగిపోయినాను. డాక్టరు అతికేవి అన్నాడు గానీ, అవే తెగిన పోగులని చెప్పలేదు. ఆయనకు తెలుసో లేదో.

"ఇప్పుడు ఆ తల్లికణాన్ని సీసాలో పెంచుతాండారంట" అన్నాను. "కానీ ఒంట్లో ఉన్నప్పుడు రాల్చినన్ని సీసాలో రాల్చదంట. ఒక మనిషికి సరిపడా రావల్లంటే చాలా కష్టమంట. అందుకని ఆ నీళ్లను ఊరికే ఉంచకుండా కదిలిస్తా, సుడి తిప్పుతా ఉంటే ఎక్కువ రాలుతాయని కనుక్కున్నారంట."

"అది నన్ను అడిగింటే ఎప్పుడో సెప్పిందును" అనింది బియ్యంలో రాయి తీసి పారేస్తా. "నిలవ తొట్టిలో ఏం పని అవుతాది? తిప్పల్ల."

నేను పేపరు మడిచి మోకాలి మీద పెట్టుకున్నాను. అది తొందరగా రావల్ల. ఎవరి పెండ్లామన్నా మంచం మీద పడుకొని ఉండగా మొగుడు మిల్లు గేట్లు పట్టుకొని తిరిగే పని ఉండకూడదు. ఆ మాటే పైకి అన్నాను.

"అప్పట్లోనే ఇది ఉండింటే, సీసా తెచ్చి ఎక్కించిందురు. నీకు ఆ నాలుగు దినాల బాధ ఉండేది కాదు."

"ఉండేది కాదు" అనింది. చేట పక్కన పెట్టింది. "కానీ నువ్వు మా అన్న దగ్గరికి పోయేవానివా?"

నేను అబద్ధం చెప్పే మనిషిని కాదు. ఆ సంగతి ఆమెకు నాకంటే బాగా తెలుసు.

"పోయేవాణ్ని కాదు" అన్నాను.

ఆమె తల ఊపింది. కోపం లేదు. కొంగుతో బియ్యప్పొడి తుడుచుకొని, పొద్దున ఒకసారి చూసింది చాలదన్నట్ల, రెండు చేతులూ మళ్లీ నా ముందర చాపింది.

"సూడు మరి" అనింది.

ముడతలు పడిన చేతులు. ఏ రంగూ లేదు. కండ్లద్దాలు సరిచేసుకొని, వెలుగుకు తిప్పి, మోచేతుల దాకా చూసినాను.